రిహార్సల్ రాష్ట్రపతి

నిన్న సాయంత్రం టీవీలో సినిమా అవార్డుల సభ చూపించారు. ఎవరో కుర్ర ఛాయాగ్రాహకుడు వేదికెక్కి రాష్ట్రపతి చేతిలోంచి పతకం పెట్టె అందుకున్నాడు. అందుకున్నవాడు లాక్కుని పోలేదు. పెట్టె ఒక కొస రాష్ట్రపతి చేతిలో, ఇంకో కొస తన చేతిలో ఉండగా అలాగే నిలబడి, ఫ్లాష్ వెలిగాక నెమ్మదిగా తన వైపు తీసుకున్నాడు. నేను కుర్చీలోంచి లేచి "శభాష్!" అన్నాను.

మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, "మీ చుట్టమా?" అంది.

"కాదు. మా రాష్ట్రపతిగారి శిష్యుడెవరో నేర్పి ఉంటాడు."

ఏ రాష్ట్రపతి అని ఆవిడ అడగలేదు. ఆవిడకు తెలుసు. ఆయన పోయి నెల దాటింది.

నేను చెప్పే కథల్లో పాలకంటే నీళ్ళు ఎక్కువని ఢిల్లీ తెలుగువాళ్ళలో నాకో పేరుంది. ఈ ఒక్క మనిషి విషయంలో మాత్రం నీళ్ళు కలిపే అవసరం పెద్దగా రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పినా ఎవరూ నమ్మేవారు కాదు.

సినిమా అవార్డులంటే జనం చూసేది ఒక్క సాయంత్రం సభ. దానికి ముందురోజు ఇంకో సభ జరుగుతుంది. అందులో ప్రేక్షకులుండరు, పూలుండవు, ఏసీ కూడా సగమే వేస్తారు. దేశం నలుమూలల నుంచి వచ్చిన విజేతలను కూర్చోబెట్టి, ఏ మెట్లు ఎక్కాలి, తివాచీ మీద ఎక్కడ ఆగాలి, ఎటువైపు దిగాలి అన్నీ ఒకసారి చేయించి చూస్తారు. రాష్ట్రపతి ఎదుట ఒకళ్ళనొకళ్ళు గుద్దుకోకూడదు కదా. అయితే రిహార్సల్‌కు రాష్ట్రపతి రారు. ఆయన స్థానంలో ఎవరో ఒకరు నిలబడి ఉత్తుత్తి పతకం ఇవ్వాలి. డెబ్బైల మొదట్లో ఈ సభలు జరిపే శాఖలో నేను గుమాస్తాగా చేరేనాటికే మా ఆఫీసులో ఆ ఒకరు ఈయన.

అనంతపురం వైపు మనిషి. సెక్షన్ ఆఫీసరు. పొడుగు, నిదానం, మెరిసే బట్టతల. ఆయనకు ముందు ఎవరెవరినో నిలబెట్టి చూశారట. ఇవ్వబోతూ అందరూ నవ్వేశారట. ఈయన నవ్వలేదు. అంతే అర్హత.

ఆర్.కె.పురం క్వార్టర్లలో ఆయన అసలు పేరు పలికినవాళ్ళు నాకు గుర్తులేరు. తెలుగువాళ్ళూ, పంజాబీలూ, పాలబూత్ దగ్గర క్యూలో నిలబడేవాళ్ళూ అందరికీ రాష్ట్రపతే. కింది ఇంటి సర్దార్నీ ఆంటీ మెట్ల దగ్గర నిలబడి, "రాష్ట్రపతి జీ! ఆప్ కా దూధ్ ఉబల్ రహా హై!" అని కేకేస్తే, ఆయన బనీనుతో, భుజాన తువ్వాలుతో, వేదిక మీద నడిచినట్టే లోపలికి నడిచేవారు. పాలు పొంగి పొయ్యి మీద పడ్డా నడక మారేది కాదు.

"పాలు పొంగినాయి అయ్యవారూ, జాతీయగీతం పాడమంటారా?" అనేది లోపలినుంచి ఆయన భార్య. ఆవిణ్ణి నేను అక్కయ్యా అని పిలిచేవాణ్ణి. ఆవిడ నన్ను తమ్ముడూ అనేది. ఆయనకు మాత్రం నేను ఎప్పుడూ "గోదారాయన"నే.

రిహార్సల్ రోజున ఎంత ఎండైనా నల్ల బంద్‌గలా కోటు వేసుకుని మెడదాకా గుండీలు పెట్టుకునేవారు. ఆ రోజు బస్సులో కమ్మీ పట్టుకోరు.

"ఇనుము వాసన అంటుతుందప్పా. ఆ చేత్తో ఇస్తే వాళ్ళకేం బాగుంటుంది?"

డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా ఆయన ముందుకు పడకుండా వెనకనుంచి కోటు పట్టుకోవడం నా ఉద్యోగం. కండక్టరు టికెట్ అంటే ఆయన రెండు చేతులూ గాల్లోనే ఉంచి, నా వైపు తల ఊపేవారు. అంగరక్షకుడితో ఢిల్లీ బస్సులో తిరిగిన రాష్ట్రపతి ఈ దేశంలో ఆయనొక్కరే.

మొదట్లో ఉత్తుత్తి పతకానికి ఖాళీ మిఠాయి డబ్బా వాడేవారు. అది ఆయనకు నచ్చలేదు. "బరువు లేనిది అందుకుంటే మొగంలో బరువు రాదు" అని ఇంటినుంచి ఒక స్టీలు సబ్బుపెట్టె తెచ్చారు, లోపల కొత్త గంధం సబ్బుతో సహా. దాని మీదకు అక్కయ్య ఎర్ర వెల్వెట్ తొడుగు కుట్టింది. అప్పటినుంచి దేశంలోని ఉత్తమ కళాకారులందరి అరచేతులూ ఏడాదికొక పూట గంధం సబ్బు వాసన వేసేవి. ఒక బెంగాలీ దర్శకుడు పెట్టెను ముక్కు దగ్గర పెట్టుకుని, "రేపటిది మీరే ఉంచుకోండి, నాకు ఇదిచ్చేయండి" అన్నాడని నేను కాలనీ అంతా చెప్పాను. అన్నాడా లేదా అన్నది ఇప్పుడు అనవసరం.

అసలు రాష్ట్రపతులు మారినప్పుడల్లా ఈయన చదువు మళ్ళీ మొదలయ్యేది. పేపర్లో ఫోటోలు ముందేసుకుని, కొత్తాయన ఏ చేత్తో ఇస్తారు, ఎంత వంగుతారు అని పరిశీలన. కొత్తాయన పొట్టి అయితే రిహార్సల్ సాంతం మోకాళ్ళు వంచి నిలబడేవారు. మర్నాడు ఆఫీసులో కుంటుతుంటే, "ఏమైందండీ?" అని అడిగినవాళ్ళకు, "పదవీ బాధ్యతలప్పా" అని జవాబు.

రాలేకపోయిన విజేతలకు బదులుగా రిహార్సల్లో నన్ను నడిపించేవారు. ఆ లెక్కన నేను పాటలు రాశాను, సంగీతం కట్టాను, కెమెరా తిప్పాను. ఒక ఏడు ఉత్తమ నటి విమానం ఆలస్యమైంది. "నువ్వు ఎక్కప్పా" అన్నారు. ఎక్కాను. చేతులు చాపాను. ఆయన ఇవ్వలేదు.

"పైట సర్దుకో."

"ఎవరు? నేనా?"

"ఆయమ్మయితే ఇక్కడికొచ్చి ఒకసారి పైట సర్దుకుంటుంది. ఆ టైము ఎవరు లెక్కేస్తారు? సర్దుకో."

మా డిప్యూటీ సెక్రటరీ చూస్తుండగా నేను లేని పైట సర్దుకుని ఉత్తమ నటి అవార్డు అందుకున్నాను. ఆయన నవ్వలేదు.

ఆయన నేర్పే పాఠం ఒక్కటే. "ఇచ్చేవాడు బిరీన వదలకూడదు. తీసుకునేవాడు లాగకూడదు. ఇద్దరూ పట్టుకున్న ఆ రవ్వంతసేపే అవార్డప్పా. దానికి ముందు అది గవర్మెంటుది, తర్వాత వాళ్ళింట్లో బీరువాది." అందుకే పెట్టె అందుకున్నవాళ్ళు వెంటనే తీసుకోబోతే ఆయన వదిలేవారు కాదు. "ఉండప్పా. ఫోటో కానీ" అనేవారు. తెలుగు రానివాళ్ళకు కూడా అదే మాట. వాళ్ళకు అర్థమయ్యేది.

"ఫోటోగ్రాఫరు రేపొస్తాడు కదండీ" అన్నాను ఒకసారి.

"ఇయ్యాళ ఉన్నాడనుకో."

ఇవన్నీ నాకు తెలిసినవి. తెలియనిది ఒకటుండేది. పెట్టె ఇద్దరి చేతుల్లో ఉన్నప్పుడు ఆయన కొద్దిగా వంగి, ప్రతి విజేత చెవిలో ఏదో అనేవారు. కొందరు ఫక్కున నవ్వేవాళ్ళు. కొందరు తలదించుకునేవాళ్ళు. బొంబాయి హీరో ఒకడు, అంతవరకూ నల్ల కళ్ళద్దాలు తీయనివాడు, తీసి తుడుచుకున్నాడు. ఏమంటారా అని నేను చాలా తంటాలు పడ్డాను. ఉపనిషత్తులో ముక్క అయి ఉంటుందన్నాడు మా ఆఫీసు ప్యూను. జాతకం చెప్తారన్నాడు టైపిస్టు. నా వంతు వచ్చినప్పుడు వినొచ్చు కదా అంటారేమో. నా చెవిలో ఆయన అనే మాటలు వేరు: "సాయంకాలం పోతా పోతా టమాటాలు తీసుకో."

ఏషియాడ్ కోసం ఢిల్లీ అంతా తవ్విపోసిన రోజుల్లో ఒక తెలుగు సినిమాకు ఎడిటింగ్‌లో అవార్డు వచ్చింది. గెలిచినాయన మద్రాసు నుంచి రైల్లో ఒంటరిగా వచ్చాడు. యాభై దాటిన మనిషి. ఏళ్ళ తరబడి చీకటిగదిలో కూర్చుని ఫిల్ము ముక్కలు కోసి అతికించినవాడు కాబట్టి, వెలుతురులో ఉన్నంతసేపూ కళ్ళు చిట్లించే ఉండేవాడు.

రిహార్సల్లో పేరు పిలిచారు. ఎక్కాడు. వేదిక మధ్యకు రాగానే లైటు మొహాన పడింది, అక్కడే ఆగిపోయాడు. మళ్ళీ పిలిచారు. ఎక్కిన మెట్ల మీంచే దిగిపోయాడు. ఈసారి నన్ను మోచెయ్యి పట్టుకుని తీసుకెళ్ళమన్నారు. తీసుకెళ్ళి నిలబెట్టాను. పెట్టె అందుకున్నాడు గానీ కుడిచెయ్యి గడగడా వణికింది. పెట్టె పడింది. మూత ఒకవైపు, సబ్బు ఒకవైపు. సబ్బు వేదిక మీంచి జారిపోయి, మొదటి వరసలో కూర్చున్న హీరోయిన్ చెప్పు దగ్గర ఆగింది. హాలంతా ఘొల్లుమంది.

డిప్యూటీ సెక్రటరీ విసుక్కున్నాడు. "ఇన్ కా అవార్డ్ కోయీ ఔర్ లే లే. కల్ యే సబ్ నహీ చలేగా."

ఎడిటరుగారికి హిందీ రాకపోయినా అది అర్థమైంది. ప్రాణం లేచొచ్చినట్టు రెండు చేతులూ జోడించాడు. "అవునయ్యా, నా బదులు ఎవరైనా తీసేసుకోండి. నేను సాయంత్రం రైలుకు పోతాను. నాకిది కుదరదు."

రాష్ట్రపతిగారు కిందికి దిగి సబ్బు తెచ్చుకుని, తుడిచి, పెట్టెలో పెట్టి మూత వేశారు. పెట్టె మళ్ళీ ఎడిటరుగారి చేతిలో పెట్టి, తన కొస వదలకుండా చెవి దగ్గరికి వంగారు. మోచెయ్యి పట్టుకుని నేను పక్కనే ఉన్నాను. ఇన్నేళ్ళకు విన్నాను.

"తిన్నారా?"

అంతే. ఉపనిషత్తూ లేదు, జాతకమూ లేదు. పొద్దున్నే తీసుకొచ్చి మధ్యాహ్నందాకా కూర్చోబెట్టే మనుషులను ఈ ఒక్క మాట అడగడం మాలో ఎవరికీ తోచలేదు. మిగతావాళ్ళంతా నవ్వో, తలూపో తప్పించుకున్నారన్నమాట. ఈయన నిజం చెప్పాడు.

"లేదయ్యా. రైలు దిగినప్పటినుంచి మెతుకు గొంతు దిగలేదు."

రాష్ట్రపతిగారు డిప్యూటీ సెక్రటరీ వైపు తిరిగారు. "సర్, కల్ యే ఖుద్ ఆయేంగే." రేపు ఈయనే వచ్చి తీసుకుంటారని.

"గారంటీ కౌన్ దేగా?"

"మై." తానే పూచీ అన్నారు.

"ఠీక్ హై. గడ్‌బడ్ హుయీ తో ఆప్ కీ జిమ్మేదారీ. ఫిర్ అగ్లే సాల్ ఆప్ వహా ఖడే నహీ హోంగే."

వచ్చే ఏడు నువ్వక్కడ నిలబడవు. ఏడాదంతా ఫైళ్ళు తోసే మనిషికి ఆ ఒక్కరోజు ఏమిటో నాకు తెలుసు. ఆయన మాత్రం తలూపి, ఎడిటరుగారి సంచీ నా భుజాన వేసి, బస్టాపు వైపు నడిచారు.

అక్కయ్య రాగిముద్ద చేసి ఊరిబిండి పచ్చడి నూరింది. ఎడిటరుగారు మొదట మొహమాటపడ్డాడు, తర్వాత మాట్లాడటం మానేశాడు. రెండో ముద్ద వేస్తూ ఆవిడ, "కడుపులో ఏమీ లేకుంటే చేయి వణకక ఏం జేస్తుందన్నా. ఈ ఢిల్లీవాళ్ళు పతకాలిస్తారు గానీ కూడు పెట్టరు" అంది.

"నువ్వు నా పదవిని అంటాండావు" అన్నారు రాష్ట్రపతిగారు.

"మీ పదవికి జీతముందా?"

ఎండ తగ్గాక క్వార్టర్ల మధ్య గడ్డిలో రిహార్సల్ మళ్ళీ మొదలైంది. కిటికీలోంచి వైరు లాగి టేబుల్ లైటు ఎడిటరుగారి మొహాన పడేట్టు పెట్టారు. సర్దార్నీ ఆంటీ పేర్లు పిలిచే బాధ్యత తీసుకుంది. ఆవిడ గొంతుకు మైకు అక్కర్లేదు. బాల్కనీల్లో ఆరేసిన బట్టలు పక్కకు తోసి జనం చేరారు. రేడియో వార్తలు వినే తమిళాయన కూడా రేడియో కట్టేశాడు.

"ఎటు చూడాలయ్యా నేను?" అన్నాడు ఎడిటరు. "ఆ లైటు పడిందంటే నాకేమీ కనపడదు."

"లైటు చూడొద్దు. జనాన్ని చూడొద్దు. నా మొగం చూడు. నా మొగం చూసుకుంటా వచ్చేయి."

ఆయన మొగం చూసుకుంటూ వచ్చాడు. చెయ్యి వణికింది. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. "ఎడమకాలు ముందర. రెండు చేతులు. ఉండప్పా, ఫోటో కానీ." ప్రతిసారీ బాల్కనీలు చప్పట్లు కొట్టాయి. ఒకసారి ఆంటీ ఉత్సాహం పట్టలేక పేరుతోపాటు "పంజాబ్ సే!" అని కలిపింది. ఎడిటరుగారు నవ్వాడు. నవ్వుతూ వచ్చి పెట్టె అందుకున్నాడు. చెయ్యి వణకలేదు. చేతులు చూసుకుని, పైకి చూసి, "అరె" అన్నాడు.

ఆ సాయంత్రం రైలు ఆయన లేకుండానే వెళ్ళింది.

మర్నాడు అసలు సభ. రాష్ట్రపతి వచ్చారు, హాలు నిండిపోయింది. సభరోజున మా రాష్ట్రపతిగారి పని వేరు. వేదిక మీద ఒక పక్క బల్ల దగ్గర నిలబడి, పిలుపు ప్రకారం పతకం పెట్టెను పళ్ళెంలో పెట్టి అందించడం. నేను తెర పక్కన ఉన్నాను.

ఎడిటింగ్ అవార్డు పిలిచారు. ఎడిటరుగారు మెట్లెక్కాడు. మొహాన లైటు పడింది. ఆగలేదు. తల ఎత్తి, చెప్పినట్టే, ఆ ఒక్క మొహం కోసం వెతుక్కున్నాడు. దొరికింది. నడుచుకుంటూ వచ్చాడు. తివాచీ మీద గుర్తు దాటాడు. దేశ రాష్ట్రపతిని దాటాడు. తిన్నగా బల్ల దగ్గరికి వచ్చి, ఎడమకాలు ముందు పెట్టి, రెండు చేతులూ మా రాష్ట్రపతి ముందు చాపాడు. ఎంత బాగా చాపాడంటే, ఒక్క వేలు కూడా వణకలేదు.

తెర పక్కనుంచి నేను మెడ చాచాను.

పళ్ళెం మా రాష్ట్రపతిగారి ఎడమచేతి మీద ఉంది. కుడిచెయ్యి లేచి పెట్టె మీద పడటం నేను చూశాను. పెట్టె పళ్ళెంలోంచి బెత్తెడు పైకి లేవటం చూశాను. ఇది నీళ్ళు కలపని పాలు. ఒక్క క్షణం ఆయన కళ్ళు ఎడిటరుగారి చేతులమీద ఉన్నాయి. తర్వాత పెట్టె పళ్ళెంలోకి దిగింది. ఆయన రాష్ట్రపతి వైపు తిరిగి, పళ్ళెంతో సహా, బట్టతల తప్ప ఇంకేమీ కనపడనంతగా వంగారు. ఈయన ఏం చేస్తే అది చేయడానికి అలవాటుపడ్డ ఎడిటరుగారు కూడా అటే తిరిగి అంతే వంగాడు.

రాష్ట్రపతి పెద్దమనిషి. చిరునవ్వుతో తానే నాలుగడుగులు వేసి వచ్చి, పళ్ళెంలోంచి పెట్టె తీసి ఇచ్చారు. ఎడిటరుగారు లాగలేదు. రవ్వంతసేపు ఆగాడు. ఫ్లాష్ వెలిగింది. అది వినయమనుకుని హాలు చప్పట్లు కొట్టింది.

మర్నాడు మద్రాసు రైలెక్కే ముందు ఎడిటరుగారు పతకంతో క్వార్టరుకు వచ్చాడు. "నిన్న మీ మొహం తప్ప నాకేమీ కనపళ్ళేదయ్యా. ఎవరిచ్చారో, ఏం జరిగిందో తెలీలేదు. మీ చేత్తో ఒక్కసారి ఇవ్వండి" అని పెట్టె చాపాడు. రాష్ట్రపతిగారు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు.

"ఒకరు ఇచ్చింది ఇంకొకరు మళ్ళా ఇస్తే ఎంగిలప్పా. కూర్చో. తిని పో."

తర్వాత డిప్యూటీ సెక్రటరీ గదిలోకి పిలుపు వచ్చింది. ఫైలు పట్టుకుని వెనకాల నేనూ వెళ్ళాను.

"ఆప్ కా హాథ్ ఉఠా థా యా నహీ?" చెయ్యి లేచిందా లేదా అని.

"ఉఠా థా సర్."

"క్యోం?"

"ఆద్మీ సామ్నే ఖడా థా, సర్."

మనిషి ఎదురుగా నిలబడ్డాడు. ఇంతకంటే వివరణ ఆయన దగ్గర లేదు. డిప్యూటీ సెక్రటరీ మాత్రం తన మాట నిలబెట్టుకున్నాడు. మరుసటి ఏడు రిహార్సల్లో రాష్ట్రపతి స్థానంలో ఒక కుర్చీ వేశారు. విజేతలు వరసగా వచ్చి కుర్చీకి నమస్కారం పెట్టి, దానిమీది డబ్బా తామే తీసుకుని, తామే పెట్టేసి దిగిపోయారు.

మేమిద్దరం ఆఖరి వరసలో కూర్చుని చూశాం. ఆయన అదే కోటు వేసుకొచ్చారు.

"ఎట్లుందప్పా మన కుర్చీ?"

"మోకాళ్ళు వంచట్లేదండీ."

అప్పుడు నవ్వారు. రిహార్సల్లో ఆయన నవ్వడం నేను చూసింది అదొక్కసారే. తర్వాత లేచి, ముందు వరసల్లోకి నడిచి, విజేతల దగ్గర ఒక్కొక్కరి చెవి దగ్గరా వంగడం మొదలుపెట్టారు. "ఖానా ఖాయా?" రిటైరయ్యేదాకా ఏటా అదే పని చేశారు. క్యాంటీన్‌నుంచి బ్రెడ్ పకోడీలు మోసుకొచ్చే పని నాది.

ఆయన పోయాక పదిరోజులకు లక్ష్మీనగర్ వెళ్ళాను. రిటైరయ్యాక యమున దాటి, రెండో అంతస్తులో చిన్న వాటాలో ఉండేవారు. వాళ్ళమ్మాయి తలుపు తీసి, "ఆయియే అంకుల్. చాయ్ లేంగే?" అంటూ వంటింట్లోకి వెళ్ళింది. కిటికీలో కూలరు గరగరలాడుతోంది. అక్కయ్య మంచం మీద కూర్చుని ఉంది.

నా నోరు ఊరుకోదు. "అక్కయ్యా, ఆ రోజు సభలో సారు చెయ్యి లేచింది కదా. ఇచ్చేద్దామనేనా? నేనడిగితే ఎప్పుడూ మాట మార్చేసేవారు. మీతో ఏమైనా అన్నారా?"

"నాకేం చెప్తాడు ఆయప్ప? పక్కనున్నోడివి, చూసినోడివి. నీకే తెలీకపోతే నాకెట్ల తెలుస్తుంది?"

లేచి బీరువా తెరిచింది. ఎర్ర వెల్వెట్ వెలిసి గులాబీరంగుకు తిరిగిన సబ్బుపెట్టె తీసింది. లోపల సబ్బు లేదు, వాసన ఉంది.

"ఇది నీకిమ్మని చెప్పినాడు. టమాటాలు మోసినందుకంట. తీసుకో తమ్ముడూ."

చాపింది. నాకు తెలియకుండానే నా ఎడమకాలు ముందుకు పడింది. రెండు చేతులతో అందుకున్నాను. లాగలేదు. ఆవిడ వదల్లేదు. పెట్టె మా ఇద్దరి మధ్య అలాగే ఉంది.

టీ కప్పులతో వచ్చిన అమ్మాయి గుమ్మంలో ఆగిపోయింది. "క్యా హువా అమ్మా?"

అక్కయ్య తల తిప్పలేదు.

"ఉండు పాపా," అంది. "ఫోటో కానీ."